విదేశీ నిధుల ఆరోగ్య పరిశోధనకు మూల్యాంకనం: ఊరి నుంచి పైకి వెళ్లే పద్ధతి

నేను ఉండేది అనంతపురంలో. విదేశీ సహాయ నిధులతో రాయలసీమ జిల్లాల్లో జరిగే ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టులకు మూల్యాంకనం చేస్తుంటాను. డబ్బిచ్చినవాళ్లు ‘మా డబ్బుతో ఏం జరిగింది’ అని అడుగుతారు. ఊళ్లు తిరిగి, కాగితాలు చూసి, జవాబు రాసివ్వాలి. ఎంఎస్‌డబ్ల్యూ, ఎంపీహెచ్ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ‘మేడం, టీవోఆర్ (ఏం చూడాలో దాత రాసిచ్చే పని పత్రం) చేతికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టమంటారు’ అని ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందే చెప్పేస్తాను, నాది తిరగేసిన పద్ధతి. మామూలుగా ఈ పని పైనుంచి కిందికి నడుస్తుంది. దాత సంస్థ వ్యూహపత్రం, వార్షిక నివేదికలు, జూమ్‌లో పరిశోధన నడిపే ప్రొఫెసర్లతో మాటలు, చివర్లో ఒకటి రెండు రోజులు మిగిలితే పల్లెకు. అప్పటికి ఏం వినాలో బుర్రలో కూర్చుని ఉంటుంది కాబట్టి పల్లె కొత్తగా ఏమీ చెప్పలేదు. నేను ఆశా కార్యకర్త దగ్గర మొదలుపెడతాను. పీహెచ్‌సీ, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు, మెడికల్ కాలేజీ మీదుగా పైకి పోయి, ప్రొఫెసర్ గారిని ఆఖర్న కలుస్తాను. ఆయన్ని ఏం అడగాలో అప్పటికి ఊళ్లే నేర్పించి ఉంటాయి.

పని ఒప్పుకునే ముందు

టీవోఆర్‌లో ఇరవై ముప్పై ప్రశ్నలు ఉంటాయి. అన్నిటికీ జవాబిస్తానని సంతకం పెట్టకండి. ‘ఈ రిపోర్టు చూసి మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటి?’ అని అడగండి. రెండో దశకు నిధులివ్వడమా, ఇంకో జిల్లాకు తీసుకెళ్లడమా, ఇక్కడితో ఆపడమా? ఆ ఒక్కటి తేలితే ముప్పై ప్రశ్నలు నాలుగైదుకు వస్తాయి. ‘నిర్ణయం ఏమీ లేదండీ, ఒప్పందంలో ఉంది కాబట్టి చేయిస్తున్నాం’ అన్నా నష్టం లేదు, ఎంత ఆశించాలో మీకు తెలుస్తుంది.

మీకు డబ్బు ఎవరిస్తున్నారో కూడా చూసుకోండి. ప్రాజెక్టు నడిపిన సంస్థే మీకు చెక్కు రాస్తుంటే ఆ సంగతి రిపోర్టు మొదటి పేజీలో రాయండి. పూర్తి రిపోర్టు బయటపెడతామని ముందే కాగితం మీద ఒప్పించుకోండి. తర్వాత అడిగితే వచ్చేది ‘చూద్దాం’ అనే జవాబే.

పరిశోధనను పథకంలా కొలవొద్దు

ఈ పనిలో ఎక్కువమంది జారేది ఇక్కడే. ఇమ్యునైజేషన్ పథకానికైతే ఎంతమందికి టీకా అందిందో చూస్తాం. పరిశోధన సంగతి వేరు, అక్కడ తయారవ్వాల్సిన సరుకు నమ్మదగిన జవాబు. బీపీ మందులు మానకుండా ఫోన్‌కు మెసేజ్‌లు పంపితే ఉపయోగం ఉంటుందా అని ఒక ట్రయల్ పెట్టారనుకోండి. మెసేజ్‌లు వెళ్లిన ఊళ్లలో, వెళ్లని ఊళ్లలో బీపీ ఒకేలా ఉందని తేలింది. ట్రయల్ పద్ధతిగా జరిగి ఉంటే అది ఫెయిల్ కాదు. ప్రభుత్వం ఆ మెసేజ్‌ల మీద డబ్బు పోయకుండా ఆగితే ఈ పరిశోధన ఖర్చు తిరిగొచ్చినట్టే.

కానీ మెసేజ్‌లు అసలు చేరాయా అన్నది వేరే ప్రశ్న. మా వైపు చాలా ఇళ్లలో పెద్దవాళ్ల పేరున రాయించిన నంబరు బెంగళూరులో పనిచేసే కొడుకుది. మందు వేసుకోవాల్సింది తల్లి, మెసేజ్ మోగేది ఎలక్ట్రానిక్ సిటీలో. ఇలాంటప్పుడు ఆలోచన పనిచేయలేదని రాయడం తప్పు, ఆలోచనకు పరీక్షే జరగలేదు. ఈ రెండింటినీ విడదీసి చెప్పగలిగితే మీ ఫీజుకు న్యాయం జరిగినట్టే.

సహాయ నిధులు కాబట్టి ఇంకో కొలత కూడా ఉంది. ఓఈసీడీ (ధనిక దేశాల కూటమి) లెక్కలో ఒక ఖర్చును అధికారిక అభివృద్ధి సహాయం అనాలంటే, దాని ముఖ్య ఉద్దేశం వెనుకబడిన దేశాల ఆర్థికాభివృద్ధి, ప్రజల సంక్షేమం అయి తీరాలి. 2016లో బ్రిటన్ మొదలుపెట్టిన ఎన్ఐహెచ్ఆర్ (అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) గ్లోబల్ హెల్త్ రీసెర్చ్ కార్యక్రమానికి వెళ్లేది ఇలాంటి సహాయ బడ్జెట్టే. అంటే లండన్‌లో మంచి పేపర్ రావడం ఒక్కటే చాలదు. మన జిల్లాకు దానివల్ల ఏమిటి అని అడిగే హక్కు నిబంధనలోనే ఉంది.

ఓఈసీడీ వాళ్లవే మూల్యాంకన ప్రమాణాలు కూడా ఉన్నాయి. 1991లో ఐదు, 2019లో ఆరోది చేరింది: ప్రాసంగికత (ఇక్కడి అవసరానికి తగిందేనా), పొందిక (మిగతా పనులతో కలుస్తుందా), ఫలసాధన (అనుకున్నది సాధించిందా), సామర్థ్యం (డబ్బు, సమయం సరిగా వాడారా), ప్రభావం, నిలకడ (ప్రాజెక్టు ముగిశాక మిగులుతుందా). ఆరింటికీ సమానంగా తలా పది పేజీలు రాయకండి. నేనైతే ప్రాసంగికత, నిలకడ మీద సగం రిపోర్టు పెడతాను.

ప్రాసంగికత చూడటానికి నాకు తెలిసిన సులువైన దారి తేదీలు. ప్రొటోకాల్ (పరిశోధన ఎలా చేయాలో రాసుకున్న పత్రం) ఖాయమైన తేదీ ఒకవైపు, డీఎంహెచ్‌ఓతోనో మెడికల్ కాలేజీతోనో మొదటి సమావేశం జరిగిన తేదీ ఇంకోవైపు రాయండి. సమావేశం తర్వాత జరిగిందా, జిల్లాను అడిగింది సంతకం కోసమే. విషయం ఎంత మంచిదైనా ఆ మాట రాయాల్సిందే.

దాతను కూడా తూకం వేయాలి. 2021లో బ్రిటన్ సహాయ బడ్జెట్‌ను జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించినప్పుడు, మధ్యలో నడుస్తున్న పరిశోధన ప్రాజెక్టులకూ కోత పడింది. ఆ కాలంలో లక్ష్యాలు తప్పిన ప్రాజెక్టు కనిపిస్తే, సిబ్బంది మీద పడే ముందు నిధుల ఉత్తరాలు అడిగి చూడండి.

ఊరికి ఎప్పుడు పోవాలి

ఒక ప్రాజెక్టు ఎండ్‌లైన్ (చివర్లో చేసే సర్వే) ఫారాలు తిరగేస్తున్నాను. కుడివైపు చివరి గడిలో వరసగా 3, 3, 3. కోడ్ బుక్ తీస్తే 3 అంటే ‘ఇంటికి తాళం’. ఊళ్లు కోసిగి, కౌతాళం వైపువి. సర్వే తేదీ ఫిబ్రవరి. అదే ఊళ్లలో బేస్‌లైన్, అంటే మొదటి సర్వే, మాత్రం ఆగస్టులో చేశారు.

ఆదోని పడమటి మండలాల సంగతి తెలిసినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాటితే ఇల్లిల్లూ మిరపకాయల కోతకు గుంటూరు వైపు బండి కడుతుంది, చంటిపిల్లలతో సహా. ఊళ్లో మిగిలేది బోరు కింద పొలమున్న ఇళ్లు, ముసలివాళ్లు. తక్కువ తిని ఎక్కువ కష్టపడే ఆడవాళ్లు మిరప తోటల్లో ఉన్నారు, రిపోర్టులో మాత్రం ‘మహిళల్లో రక్తహీనత గణనీయంగా తగ్గింది’ అని ఉంది. ఎవరూ అబద్ధం రాయలేదు. సర్వే పెట్టిన నెల ఆ పని చేసింది.

కాబట్టి ఎండ్‌లైన్‌లో దొరకని ఇళ్ల జాబితా విడిగా అడగండి. వాళ్ల బేస్‌లైన్ వివరాలు, అంటే భూమి, కులం, చదువు, హిమోగ్లోబిన్, దొరికినవాళ్లతో పక్కపక్కన పెట్టండి. రెండు గుంపులూ ఒకేలా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. వేరుగా ఉంటే తగ్గుదల అంకెను వెనక్కి పెట్టి, ఈ తేడాను ముందు రాయండి. మీ సొంత ఫీల్డ్ పని ఉగాదికి జనం తిరిగొచ్చాక పెట్టుకుంటే మేలు. అనంతపురం, కళ్యాణదుర్గం వైపైతే శనక్కాయ పీకే రోజుల్లో పగలు ఇంట్లో ఎవరూ దొరకరు, పొద్దున్నే ఏడులోపు పోవాలి.

బయటినుంచి వచ్చే కన్సల్టెంట్లకు తట్టని చిక్కు ఇంకోటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనంతపురం నుంచి శ్రీసత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల వచ్చాయి. కడపలోని రాజంపేట, రాయచోటి వైపు అన్నమయ్యలోకి వెళ్లాయి. మన రాష్ట్రంలో ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత) జరిగింది 2019లో, పాత పదమూడు జిల్లాల మీద. ఆ ‘అనంతపురం’ అంకెను ఇప్పటి అనంతపురం అంకెతో పోల్చి బాణం గుర్తు గీసిన స్లైడ్లు నేను చూశాను. హిందూపురం, కదిరి, ధర్మవరం లోపల ఉన్న జిల్లా వేరు, లేని జిల్లా వేరు. మండలాల వారీ డేటా అడిగి, పాత హద్దుల ప్రకారం మళ్లీ కూడుకోండి. పని విసుగే, కానీ తప్పదు.

కింది మనిషిని ఎలా అడగాలి

ప్రాజెక్టు జీపులో పోవద్దు. ఆర్టీసీ బస్సో, ఆటోనో చూసుకోండి. జీపు ఊళ్లోకి రాగానే జవాబులు తయారైపోతాయి. ఆశాతో మాట్లాడేటప్పుడు ఏఎన్ఎం కానీ సూపర్‌వైజర్ కానీ పక్కన లేకుండా చూసుకోండి. ‘ప్రాజెక్టు బాగా జరిగిందా అమ్మా?’ అని అడిగితే ‘బాగా జరిగింది మేడం’ తప్ప ఇంకేం వస్తుంది? వస్తువులు చూపించమనండి. రిజిస్టర్లు ఎన్ని, ప్రాజెక్టు వచ్చాక ఎన్ని పెరిగాయి, రాసినందుకు డబ్బు ఎప్పుడు పడింది, బ్యాంకు పుస్తకంలో ఆ ఎంట్రీ ఏది.

బీపీ, షుగర్ మీద జరిగిన ఒక పరిశోధన ముగిశాక ఓ ఆశా ఇంటికి వెళ్లాను. ప్రాజెక్టు ఇచ్చిన బీపీ మిషన్ టీవీ మీద పాలిథిన్ కవర్లో భద్రంగా ఉంది. మీట నొక్కితే వెలగలేదు. సెల్లులు గోడ గడియారంలో ఉన్నాయి. చేతిపట్టీ అంటుకోవడం మానేసింది, దానికి గుడ్డపీలిక కట్టి పెట్టుకుంది. ‘ట్యాబు వాళ్లదే అక్కా, ప్రాజెక్టు అయిపోతానే తీసకపోయినారు. మిషన్ ఇడ్చిపెట్టినారు. జనాలు ఇంగా బీపీ చూడమని వస్తానే ఉండారు, సెల్లులకు దుడ్లు ఎవరిస్తారు?’ అనింది. ఫైనల్ రిపోర్టులో నిలకడ అనే శీర్షిక కింద ‘పరికరాలు సమాజానికి అప్పగించబడ్డాయి’ అని ఉంది. నా రిపోర్టులో ఆ వాక్యం పక్కనే సెల్లుల సంగతి రాశాను. నెలనెలా సెల్లులు, ఏడాదికొక చేతిపట్టీ ఏ పద్దు కింద కొనాలో పీహెచ్‌సీ డాక్టరును అడిగి, ఆయన చెప్పింది కూడా చేర్చాను.

ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లను మరిచిపోతారు చాలామంది. కాంట్రాక్టు పిల్లలు, ఫారానికి ఇంత అని జీతం. రోజుకు ఎన్ని ఫారాలు చేయమన్నారో వాళ్లనే అడగండి. ట్యాబ్‌లో ప్రతి ఇంటర్వ్యూకీ మొదలైన టైము, ముగిసిన టైము ఉంటాయి. నలభై నిమిషాలు పట్టాల్సిన ప్రశ్నావళి పది నిమిషాల్లో అయిపోయినవి ఎన్నో లెక్కేయించండి. కొన్ని ఇళ్లను లాటరీ తీసి, మారని ప్రశ్నలు మాత్రం మళ్లీ అడగండి: పెళ్లైన వయసు, పిల్లల సంఖ్య, మరుగుదొడ్డి ఉందా. దొంగ ఫారాలు దొరికితే ఆ పిల్లవాడి పేరు రిపోర్టులోకి ఎక్కకూడదు. ఆ టార్గెట్ పెట్టింది ఎవరో రాయండి.

పరికరాల మాట మెడికల్ కాలేజీ స్థాయిలోనూ అడగాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కొన్నారంటే దాని కరెంటు బిల్లు, స్టెబిలైజర్, ఏఎంసీ (ఏటా కట్టే మరమ్మతుల ఒప్పందం) ఎవరి నెత్తిన పడ్డాయి? వారంటీ ముగిసిన తేదీ, ప్రాజెక్టు ముగిసిన తేదీ పక్కపక్కన చూడండి. తలుపు కూడా తెరిపించండి.

కాగితాల్లో ఆగాల్సిన చోట్లు

అంగీకార పత్రాలు. వీటి దగ్గర ఎంత సేపు కూర్చున్నా ఎక్కువ కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో గేట్స్ ఫౌండేషన్ నిధులతో అమెరికా స్వచ్ఛంద సంస్థ పాత్ హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు నడిపింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు ఆడపిల్లల మరణాల తర్వాత 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అంగీకార పత్రాల దగ్గర బండారం బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. పిల్లల తరఫున వార్డెన్ చేత సంతకం పెట్టించడం మంచిది ఎలా అవుతుంది?

అందుకే పత్రాల కట్టలోంచి కొన్ని తీసి, సంతకాల దస్తూరీ చూడండి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత వరసగా కనిపిస్తే ఆగండి. తర్వాత ఆ ఇంటికే వెళ్లి ‘ఈ కాగితం దేనికని చెప్పారమ్మా?’ అని అడగండి. ‘రక్తం చూసి రిపోర్టు ఇస్తామన్నారు’ అనే జవాబు పదే పదే వస్తుంటే, వాళ్లు ఒప్పుకున్నది వైద్యానికి, పరిశోధనకు కాదు. ఆ రిపోర్టు వాళ్ల చేతికి వచ్చిందో లేదో కూడా అడిగేయండి.

క్లినికల్ ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు తేదీ, మొదటి మనిషిని చేర్చుకున్న తేదీ సరిచూడండి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. 2018 ఏప్రిల్ నుంచి ట్రయల్ మొదలవ్వకముందే చేసుకోవాలి. నమోదులో రాసిన ముఖ్య ఫలితం, పేపర్లో ముఖ్యమని చెప్పిన ఫలితం ఒకటేనా? మారితే ఎందుకు మారిందో రాతపూర్వకంగా అడగండి. విదేశీ భాగస్వామ్యం ఉంది కాబట్టి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా హెచ్ఎంఎస్‌సీ (కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన కమిటీ) అనుమతి కూడా ఫైల్లో ఉండాలి, ఎథిక్స్ కమిటీ లేఖ ఒక్కటే సరిపోదు.

ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం గురించి ఒక్క మాట. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంతకుముందు ఢిల్లీలో పెద్ద సంస్థ డబ్బు తీసుకుని మన దగ్గరి చిన్న సంస్థలకు పంచేది, ఆ దారి మూసుకుపోయింది. దాంతో స్థానిక సంస్థ భాగస్వామి స్థానం పోగొట్టుకుని, పెద్ద సంస్థ కింద జీతగాళ్లుగా మారిన చోట్లున్నాయి. మీ ప్రాజెక్టులో అలా జరిగిందేమో చూడండి. ‘స్థానిక భాగస్వామ్యం’ అనే మాటకు అర్థం అక్కడే తేలుతుంది.

డబ్బు, పేరు

బడ్జెట్‌ను పద్దుల వారీగా చూస్తే ఏమీ తెలియదు. ఖర్చు ఎక్కడ జరిగింది అనే లెక్కన మళ్లీ పేర్చండి: విదేశీ యూనివర్సిటీ దగ్గర ఎంత, ఢిల్లీ, హైదరాబాద్‌లలో ఎంత, జిల్లాలో ఎంత, ఊళ్లో ఎంత. ప్రయాణాలు, హోటళ్లు విడిగా. ఈ ఒక్క పట్టిక దాతలు ఎక్కువగా ప్రశ్నించే పేజీ అవుతుంది, కాబట్టి వోచర్లు దగ్గర పెట్టుకోండి.

డబ్బుకు తగ్గ విలువ అంటే చౌకగా ముగించడం అనుకునేవాళ్లు ఉన్నారు. పొదుపు, సామర్థ్యం, ఫలసాధనతో పాటు సమానత్వం కూడా చూడాలని బ్రిటన్ మార్గదర్శకాలే చెబుతాయి. రోడ్డు పక్క ఊళ్లు ఎంచుకుంటే ఫారానికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. తండాలు జారిపోతాయి.

పేరు సంగతి కూడా అంతే. పేపర్లలో మొదటి పేరు, చివరి పేరు ఎవరివో చూడండి. మనవాళ్ల పేర్లు మధ్యలో నలిగిపోయి ఉంటే, డేటా పోగుచేయడం దాటి వాళ్లకు ఏ పనిలో చోటిచ్చారో అడగండి. ప్రాజెక్టు డబ్బుతో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కోండి. పేపర్ ఏ పత్రికలో వచ్చిందన్నదే నాణ్యతకు గుర్తనుకోకుండా, పరిశోధన న్యాయబద్ధత, ప్రాముఖ్యం, ఉపయోగానికి సిద్ధంగా ఉండటం కూడా కొలవాలని కెనడా సంస్థ ఐడీఆర్‌సీ ‘రీసెర్చ్ క్వాలిటీ ప్లస్’ అనే చట్రం తయారుచేసింది. నాకు దానితో పని సులువవుతుంది.

ప్రభావం అడిగితే

మూడేళ్ల ప్రాజెక్టుకు మరణాలు తగ్గాయా అని అడిగే దాతకు నేను రెండు కథలు చెప్తాను. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మా పెద్దవాళ్లకు తెలుసు, క్షయ వచ్చిందంటే నెలల తరబడి అక్కడ ఉండాల్సిందే. ఐసీఎంఆర్, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మద్రాసు ప్రభుత్వం కలిసి 1956లో మద్రాసులో పెట్టిన కేంద్రం, ఇంట్లో మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణం వస్తుందని 1959లో చూపించింది. ప్రపంచమంతా క్షయ వైద్యం ఇంటికి మారడానికి అది పెద్ద ఆధారం అయింది. రెండోది మహారాష్ట్రలోని గడ్చిరోలి. ఊరి మహిళలే ఇంటింటికీ వెళ్లి పసికందులను చూసుకుంటే మరణాలు తగ్గుతాయని అక్కడి డాక్టర్లు బంగ్ దంపతులు చేసిన అధ్యయనం 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ఆశాలతో దేశమంతా ఆ పద్ధతి మొదలైంది 2011లో. మధ్యలో పన్నెండేళ్లు. 2002లో ఎవరైనా మూల్యాంకనం చేసి ఉంటే ‘విధానంపై ప్రభావం: శూన్యం’ అని రాసేవాళ్లు.

కాబట్టి మూడేళ్ల ప్రాజెక్టులో కనిపించగలిగేవి వెతకండి. 1996లో బ్రిటన్‌లోని బ్రూనెల్ యూనివర్సిటీవాళ్లు తెచ్చిన పేబ్యాక్ చట్రం ఇందుకు పనికొస్తుంది: జ్ఞానం, తర్వాతి పరిశోధనకు ఊతం, విధాన నిర్ణయాలు, ఆరోగ్య వ్యవస్థకు లాభం, ఆర్థిక లాభం. జిల్లాలో ఇవి కాగితాలుగా దొరుకుతాయి. ఏ జీవోలోనైనా, శిక్షణ మాడ్యూల్లోనైనా ఈ పని ఛాయ ఉందా? డీఎంహెచ్‌ఓ ఆఫీసులో అడిగేటప్పుడు ప్రాజెక్టు పేరు ఎత్తకండి. ‘ఈ పద్ధతి ఎప్పుడు మారింది సార్, ఎందుకు మార్చారు?’ అనండి. ఆయనంతట ఆయనే ప్రాజెక్టు పేరు చెప్తే అది సాక్ష్యం. మీరు పేరు చెప్పాక తలూపితే అది మర్యాద.

మార్పంతా మావల్లే అని ప్రాజెక్టు అంటే నమ్మకండి. అదే కాలంలో గ్రామ సచివాలయాలు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, ఫ్యామిలీ డాక్టర్ పథకం వచ్చాయి. ఇంతమందిలో ఈ ప్రాజెక్టు వాటా ఎలా పనిచేసింది, అది లేకపోతే ఏం ఆగేది అని మెట్టుమెట్టుగా రాసుకుంటూ పోవడమే మూల్యాంకన నిపుణుడు జాన్ మేన్ చెప్పిన కాంట్రిబ్యూషన్ అనాలిసిస్. పేరు పెద్దది, పని మాత్రం ఓపికగా ‘ఇంకెవరు కారణం?’ అని అడగడమే.

డ్రాఫ్ట్ పంపాక

ప్రాజెక్టు వాళ్ల వ్యాఖ్యలు ఎక్సెల్‌లో తీసుకోండి: వాళ్లు అన్నది ఒక గడి, మీరు చేసిన మార్పు ఇంకో గడి, మార్చకపోతే కారణం మూడో గడి. అంకె తప్పని ఆధారం చూపిస్తే వెంటనే దిద్దండి. ‘ఈ మాట కొంచెం మెత్తగా రాయండి’ అంటే ఆ అభ్యర్థన కూడా అదే పట్టికలో ఎక్కించి, అనుబంధంగా జతచేస్తానని చెప్పండి. సగం అభ్యర్థనలు వాటంతట అవే వెనక్కి పోతాయి.

తెలుగులో రెండు పేజీలు విడిగా రాసి, పీహెచ్‌సీలోనూ సచివాలయంలోనూ ఇవ్వడానికి బడ్జెట్‌లో ముందే పద్దు పెట్టించుకోండి. ఆశాల మాటలు వాడేటప్పుడు మండలం పేరు కూడా తీసేయండి, ఒక్కో ఊళ్లో ఉండేది ఒకరిద్దరే కాబట్టి ఎవరన్నారో ఇట్టే కనిపెడతారు. ఇక మీ ఫీజు ఆఖరి వాయిదా విషయం. ‘రిపోర్టు ఆమోదించాక’ అని ఒప్పందంలో ఉంటే ‘రిపోర్టు సమర్పించిన ముప్పై రోజుల్లో’ అని మార్పించుకున్నాకే ఊళ్లకు బయల్దేరండి.